అల్మారాలో డ్రోన్

రాత్రి పదకొండింటికి డాలస్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి అది మధ్యాహ్నం. ఎలక్ట్రానిక్స్ షాపులో నిలబడి మాట్లాడుతున్నాడు, వెనక నుంచి గోల వినిపిస్తోంది.

"మామయ్యా, డ్రోన్ కావాలన్నావుగా, ఇక్కడ డిస్కౌంట్‌లో పెట్టారు. మన ఊళ్ళో అమ్మే రేటు కంటే ఇరవై వేలు తక్కువ పడుతుంది. సంక్రాంతికి వస్తూ పట్టుకొచ్చేస్తా."

"ఆగరా, బిల్లు కట్టకు," అన్నాను.

"ఏం భయం లేదు. ఇది 249 గ్రాములే, పెట్టె మీదే రాసుంది. 250 లోపైతే ఇండియాలో ఏ పర్మిషనూ అక్కర్లేదట. యూట్యూబ్‌లో చూశా."

ఈ 249 గ్రాముల మాట ఈమధ్య నేను పదిమంది నోట విన్నాను. అబద్ధమని కొట్టిపారేయలేం. సగం నిజం. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు ముందే పట్టుకుంటారు. ఈ సగం నిజం మాత్రం విమానాశ్రయం దాకా మనతోపాటే వచ్చి, అక్కడ చెయ్యి వదిలేస్తుంది.

వాణ్ణి ఆగమనడానికి నాకు ఇంట్లోనే ఒక కారణం ఉంది. తెనాలిలో మా బావమరిదికి ఫొటో స్టూడియో ఉంది. మూడేళ్ళ కిందట స్నేహితుడొకడు విదేశం నుంచి వస్తూ వాడికో డ్రోన్ తెచ్చిపెట్టాడు. విమానాశ్రయంలో కస్టమ్స్ గ్రీన్ చానెల్లో ఎవరూ ఆపలేదు. అదే తెలివనుకున్నారు ఇద్దరూ. నాలుగు నెలలకు కెమెరా వణకడం మొదలైంది. కెమెరాను నిలకడగా పట్టుకునే గింబల్ అనే భాగం పోయింది. కింద పడలేదు, నీళ్ళు తగల్లేదు, దానంతట అదే పోయింది. అంటే వారంటీ ఉన్నదే ఇలాంటి వాటి కోసం. కంపెనీకి రాస్తే సీరియల్ నంబర్ అడిగారు. మర్నాడు జవాబొచ్చింది: ఇది ఫలానా దేశంలో అమ్మిన వస్తువు, ఉచిత సర్వీసు ఆ దేశంలోనే. వారంటీ ఇంకా ఎనిమిది నెలలుంది. డ్రోన్ మాత్రం అప్పటినుంచీ స్టూడియో అల్మారాలో, పాత ఆల్బముల పక్కన ఉంది.

వారంటీకీ ఊరుంటుంది

మనల్ని పాడుచేసింది ల్యాప్‌టాప్‌లు. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్ అమెరికాలో కొన్నా అమీర్‌పేటలో బాగుచేస్తారు. దాంతో వారంటీ అంటే వస్తువుకు అతుక్కుని ఎక్కడికైనా వచ్చేదని అలవాటు పడిపోయాం. డ్రోన్ల విషయంలో చాలావరకు అలా కాదు. అమ్మిన దేశం లేదా ప్రాంతం వరకే దాని వారంటీ. సీరియల్ నంబరు కొట్టగానే అది ఏ ప్రాంతం సరుకో కంపెనీ కంప్యూటర్ చెప్పేస్తుంది. అందుకని కొనేటప్పుడు "వారంటీ ఎన్ని నెలలు" అని కాదు, "వారంటీ ఎక్కడ" అని అడగాలి. షాపువాడు ఊఁ అంటే చాలదు, కంపెనీ సైట్లో వారంటీ పేజీ తెరిచి, కొన్న దేశం బయట సర్వీసు గురించి ఏం రాశారో చదువుకోవాలి. అయిదు నిమిషాల పని. మా బావమరిది ఆ అయిదు నిమిషాలూ పెట్టలేదు, నేను కూడా చెప్పలేదు.

ఇక అసలు వారంటీలో ఏముంటుందో చూద్దాం. తయారీలో లోపముంటే బాగుచేస్తారు. మీరు చెట్టుకు కొడితే చెయ్యరు. చెరువులో పడితే చెయ్యరు. రెక్కలకు, అంటే ప్రొపెల్లర్లకు, సాధారణంగా వారంటీయే ఉండదు, అవి అరిగిపోయే సరుకు. బ్యాటరీకి చాలాచోట్ల మిగతా డ్రోన్ కంటే తక్కువ గడువుంటుంది, పైగా ఇన్నిసార్లు చార్జింగ్ పెట్టేలోపు అని లెక్క కూడా ఉంటుంది. "నేను కొట్టలేదు, అదే పడిపోయింది" అని మనం చెప్పే మాట ఎవరూ వినరు. డ్రోన్ ఎగిరిన ప్రతి క్షణం లాగ్‌లో రాసుకుంటుంది: ఎంత ఎత్తు, గాలి ఎంత, మీరు రిమోట్ మీద ఏ పుల్లను ఎటు తోశారు, బ్యాటరీ ఎంత మిగిలింది అన్నీ. కంపెనీ ఇంజినీరు ఆ లాగ్ చదివి తీర్పు చెబుతాడు.

పడితే కూడా బాగుచేసే ప్లాన్లు వేరే అమ్ముతారు. డబ్బు కట్టి తీసుకునే బీమాలాంటివి. కొత్త డ్రోన్‌ను ఆన్ చేసిన కొద్ది రోజుల్లోపే కొనాలనే గడువులు వాటికుంటాయి, ప్రాంతం గిరి కూడా ఉంటుంది. డాలస్‌లో కొన్న ప్లాన్ తెనాలి తాటిచెట్టుకు పనికిరాదు.

సరే, పాడైన డ్రోన్‌ను కొన్న దేశానికే కొరియర్‌లో పంపుదామని మా వాడు బయల్దేరాడు. కొరియర్ ఆఫీసులో మొదటి ప్రశ్న, "బ్యాటరీ ఉందా?" అని. లిథియం బ్యాటరీలు విమాన రవాణాలో ప్రమాదకర సరుకు కింద లెక్క. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రపంచమంతటా నిషేధం. బ్యాటరీ తీసేసి ఉత్త డ్రోన్ పంపొచ్చు. పంపాక? బాగైన డ్రోన్ మళ్ళీ మన దేశంలోకి రావాలిగా. అలా రావడం కూడా దిగుమతే. మొదటిసారి గ్రీన్ చానెల్లో అదృష్టం కలిసొచ్చింది. కొరియర్ పెట్టెకు గ్రీన్ చానెల్ ఉండదు.

ఒక్క వస్తువు, నాలుగు ఆఫీసులు

మేనల్లుడి సగం నిజం దగ్గరికి వద్దాం. డ్రోన్ ఎగరేయడం పౌర విమానయాన శాఖ పరిధి. దాని నియమాలు డ్రోన్ రూల్స్, 2021. ఆ ఏడాది ఆగస్టులో వచ్చాయి. దేశంలోకి తేవడం వాణిజ్య శాఖ పరిధి. అక్కడ పెత్తనం విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్‌ది, అంటే డీజీఎఫ్‌టీది. గేటు దగ్గర పట్టుకునేది ఆర్థిక శాఖ కింది కస్టమ్స్. డ్రోన్‌కూ రిమోట్‌కూ మధ్య నడిచే రేడియో తరంగాల సంగతి టెలికాం శాఖది. వాళ్ళ పరికరాల ఆమోదం అనే తంతు వేరే ఉంది. యూట్యూబ్ కుర్రవాడు చదివింది మొదటి ఆఫీసు కాగితం. ఆ కాగితంలో 250 గ్రాముల లోపు డ్రోన్‌ను నానో అన్నారు. నానోకు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌కు ఇచ్చే ఆమోదం, అక్కర్లేదు, నడిపేవాడికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ బీమా అక్కర్లేదు. అంతవరకు నిజమే.

రెండో ఆఫీసు కాగితంలో బరువు తక్కువని మినహాయింపేమీ లేదు. 2022 ఫిబ్రవరి 9న డీజీఎఫ్‌టీ ఇచ్చిన నోటిఫికేషన్ విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు. పరిశోధన అంటే మన ఇంటి డాబా మీద చేసేది కాదు. ప్రభుత్వ సంస్థలు, గుర్తింపున్న విద్యాసంస్థలు, పరిశోధనా సంస్థలు, డ్రోన్ తయారీదారులు డీజీఎఫ్‌టీ అనుమతి తీసుకుని తెచ్చుకోవచ్చు. మేనమామ అనే కేటగిరీ అందులో లేదు.

ఇక్కడ మనవాళ్ళ తెలివి ఒకటి చెప్పాలి. విడిభాగాల దిగుమతికి అనుమతి అక్కర్లేదని అదే నోటిఫికేషన్‌లో ఉంది. మన దేశంలో తయారీ పెరగాలని ఆ వెసులుబాటు. దీన్ని పట్టుకుని బాడీ ఒక సూట్‌కేసులో, రిమోట్ ఇంకో సూట్‌కేసులో, రెక్కలు వదినగారి హ్యాండ్‌బ్యాగులో పెట్టి "పార్టులే కదా" అంటారు. పూర్తిగా బిగించినదే కాదు, సగం విప్పినదీ, మొత్తం విప్పినదీ కూడా నిషేధమని ఆ నోటిఫికేషనే చెబుతోంది. "పిల్లల బొమ్మ" అనడం రెండో తెలివి. కస్టమ్స్ లెక్కలో ఎగిరే బొమ్మలు వేరే పద్దు కింద ఉన్న మాట నిజమే, అయితే అవి కేవలం వినోదానికే చేసినవి అయ్యుండాలి. జీపీఎస్‌తో ఇంటికి తిరిగొచ్చే కెమెరా డ్రోన్‌ను బొమ్మ అని ఆఫీసరు ముందు అనడానికి చాలా ధైర్యం కావాలి.

విదేశీ సైట్లో ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించుకోవడానికీ ఇదే నిషేధం వర్తిస్తుంది. అందులో అదనపు కష్టం ఏమిటంటే, డబ్బు ముందే వెళ్ళిపోతుంది.

ఒకవేళ తెలియకుండా తెచ్చేశారు, శంషాబాద్‌లో దిగారు, సూట్‌కేసు బెల్టు మీద తిరుగుతోంది. ఇప్పుడేం చెయ్యాలి? ఈ అధ్యాయంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకోండి. రెడ్ చానెల్లోకి వెళ్ళండి. 2016 నుంచి కస్టమ్స్ డిక్లరేషన్‌లో డ్రోన్లకంటూ ఒక గడి ఉంది, అందులో ఉందని చెప్పండి. నిజం చెప్పినవాడికి కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ ఒక దారి ఉంచింది: నిషేధమున్న వస్తువైనా, ముందుగా డిక్లేర్ చేసి ఉంటే, ప్రయాణికుడు కోరితే, దాన్ని అక్కడే ఉంచుకుని తిరిగి దేశం విడిచేటప్పుడు ఇచ్చేయడానికి ఆఫీసరుకు అధికారం ఉంది. అది తప్పనిసరిగా ఇచ్చే హక్కు కాదు, ఆఫీసరు విచక్షణ. కానీ "సార్, మూడు వారాల్లో తిరిగి వెళ్తున్నాను, సెక్షన్ 80 కింద ఉంచండి" అని మర్యాదగా అడిగేవాడికీ, గ్రీన్ చానెల్లో దొరికిపోయినవాడికీ చాలా తేడా ఉంది. రెండోవాడి డ్రోన్‌ను జప్తు చేయొచ్చు, పైన పెనాల్టీ కూడా వేయొచ్చు. రసీదు తీసుకోండి. రసీదుకు ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరుగు ప్రయాణం ఇంకో విమానాశ్రయం నుంచైతే ఆ మాట అప్పుడే చెప్పండి, లేకపోతే డ్రోన్ శంషాబాద్‌లోనూ మీరు చెన్నైలోనూ ఉంటారు.

విమానంలో స్పేర్ బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపైతే సాధారణంగా ఇబ్బంది లేదు. చిన్న డ్రోన్ల బ్యాటరీలు అంతకు చాలా తక్కువే ఉంటాయి. అది దాటి 160 దాకా ఉంటే విమానయాన సంస్థ అనుమతి కావాలి.

కంసాలి త్రాసు మీద 249 గ్రాములు

మా వీధిలో నగల కొట్టుంది. ఒకరోజు మా బావమరిది స్నేహితుడి చిన్న డ్రోన్ పట్టుకెళ్ళి, ఆ త్రాసు మీద పెట్టించాను. కొట్టాయన గొలుసు తూచినంత శ్రద్ధగా అద్దాల తలుపు మూశాడు. పెట్టె మీద 249 అని ఉన్న ఆ డ్రోన్ 290కి దగ్గర్లో తూగింది. మోసమేం లేదు. ఎక్కువసేపు ఎగరాలని దానికి పెద్ద బ్యాటరీ వేశారు. డీజేఐ మినీ 3 ప్రో లాంటి వాటికి కంపెనీయే రెండు రకాల బ్యాటరీలు చేసింది. మామూలుదైతే 249 గ్రాములు, పెద్దదైతే సుమారు 290. బ్యాటరీ మార్చిన క్షణం నానో కాస్తా మైక్రో అయిపోయింది. రెక్కల చుట్టూ రక్షణ చట్రం తగిలించినా అంతే.

ఈ 249 అనే అంకె కంపెనీవాళ్ళు చట్టం చూసి కోసిన కొలత. చాలా దేశాలు 250 దగ్గర గీత గీశాయి కాబట్టి 249. జపాన్‌లో ఒకప్పుడు గీత 200 దగ్గర ఉండేది. అక్కడికోసం 2019లో మావిక్ మినీని 199 గ్రాములకు తగ్గించి అమ్మారు. 2022 జూన్‌లో జపాన్ ఆ గీతను 100 గ్రాములకు దించింది. కొన్నవాళ్ళ డ్రోన్ ఒక గ్రాము కూడా పెరక్కుండానే చట్టం అవతలికి వెళ్ళిపోయింది.

250 గ్రాములు దాటి 2 కిలోల లోపుండే మైక్రో దగ్గర మన లెక్క మొత్తం మారుతుంది. ఆ మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని తెచ్చుకోవాల్సింది తయారీదారు లేదా దిగుమతిదారు, మీరూ నేనూ కాదు. టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడల్‌కే యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. ఫీజు నూరు రూపాయలే. కానీ డాలస్‌లో కొన్న డ్రోన్‌కు ఆ నూరు కట్టే అవకాశమే ఉండదు, ఎందుకంటే మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. 2021 నవంబర్ 30 నాటికి దేశంలో ఉన్న పాత డ్రోన్లను నమోదు చేసుకోవడానికి ఒకసారి గడువిచ్చారు. అది ఆ డిసెంబర్ 31తో అయిపోయింది.

మైక్రో డ్రోన్‌ను సొంత సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పెళ్ళి వీడియో తీసి డబ్బు తీసుకుంటే కావాలి. పద్దెనిమిది నిండి, పదో తరగతి పాసై, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఆమోదించిన సంస్థలో శిక్షణ పొందితే ఇస్తారు, పదేళ్ళు చెల్లుతుంది. బేగంపేటలోని తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఈ శిక్షణ ఇస్తుంది. డ్రోన్ రూల్స్‌ను ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఎగరేసే చోటు

నానో అయినా, ఏదైనా, చోటు విషయంలో మినహాయింపు లేదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వేదిక మీద దేశపటం ఉంది. ఆకుపచ్చ అంటే 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే ఆ ఎత్తు 200 అడుగులే. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య పసుపు, అక్కడ విమానాల రాకపోకలు చూసే అధికారుల అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఈ రంగులు వేసి హైదరాబాద్‌ను ఒకసారి చూడండి. దక్షిణాన శంషాబాద్, నడుమ బేగంపేట, ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం, ఆ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. నగరంలో అపార్ట్‌మెంటు డాబా ఎక్కి "ఇక్కడ విమానాశ్రయం ఎక్కడుంది" అనుకోవడం కుదరదు. విశాఖలో విమానాశ్రయమే నౌకాదళానిది. పటం ఈ రోజు ఆకుపచ్చగా ఉందని రేపూ ఉంటుందనుకోకండి. వీఐపీ వచ్చినా, పెద్ద సభ జరిగినా, ఎస్పీ స్థాయి పోలీసు అధికారి 96 గంటల దాకా ఏ ప్రాంతాన్నైనా తాత్కాలికంగా ఎరుపు చేయొచ్చు. అందుకే నేను పెళ్ళివాళ్ళకు చెప్పేది, ముహూర్తం ముందురోజు రాత్రే కాదు, ఆ రోజు పొద్దున కూడా పటం చూడమని. తిరుమల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. 2023 జనవరిలో శ్రీవారి ఆలయం డ్రోన్ దృశ్యాలు బయటికొచ్చి, అది కేసుదాకా వెళ్ళిన సంగతి అందరూ చూశారు.

అమెరికాలో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. అక్కడ కొనండి, అక్కడే ఎగరేయండి, కానీ అక్కడా రూల్సున్నాయి. సరదాకు ఎగరేసేవాళ్ళు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పాస్ కావాలి. 250 గ్రాములు, ఆపైన ఉంటే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దగ్గర అయిదు డాలర్లు కట్టి రిజిస్టర్ చేయాలి, మూడేళ్ళు చెల్లుతుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళే గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో మాత్రం 2014 నుంచీ డ్రోన్ ఎగరేయడం నిషేధం.

మరి ఏం కొనాలి

మన దగ్గర కొన్ని కొట్లలో విదేశీ డ్రోన్లు బిల్లు లేకుండా దొరుకుతాయి. "షాపు వారంటీ ఆర్నెల్లు" అంటారు. షాపు వారంటీ అంటే ఆ మనిషి మాట. బిల్లు అడిగితే రేటు పెరుగుతుంది, లేదా కొట్టాయనకు వేరే పని గుర్తొస్తుంది. బిల్లుంటేనే, రేపు గొడవైతే, మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే వీలుంటుంది. 2019 చట్టం ఆ సౌకర్యం ఇచ్చింది. బిల్లు లేని వస్తువుకు మీరు కొన్నారని చెప్పే సాక్షి మీరొక్కరే.

సెకండ్ హ్యాండ్‌లో యూఐఎన్ ఉన్న డ్రోన్ దొరికితే బైకు కొన్నట్టే కొనండి. నంబరు, సీరియల్ సరిపోల్చుకుని, యాజమాన్యం మీ పేరుకు మార్పించుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

స్వదేశీ డ్రోన్ల గురించి నిజాయితీగా చెప్పాలంటే, పొలం పనిలో మనవాళ్ళు బాగా ముందున్నారు. హైదరాబాద్‌లోనే మారుత్ డ్రోన్స్, థానోస్ లాంటి కంపెనీలు మందు కొట్టే డ్రోన్లు చేస్తున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ కూడా 5 శాతమే. పెళ్ళి వీడియోకు కావలసిన చిన్న కెమెరా డ్రోన్‌లో మాత్రం, అదే ధరకు విదేశీ నాణ్యత ఇంకా మనకు అందడం లేదని నా అభిప్రాయం. ఏడాదికి పాతిక రోజులు కూడా ఎగరేయనివాళ్ళు కొనకుండా అద్దెకు పిలవడం మేలు. పిలిచినప్పుడు మూడు కాగితాలు వాట్సాప్‌లో పెట్టమనండి: యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్, బీమా. పెట్టనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి. మండపం మీద రెక్క విరిగి ఎవరి తలమీదైనా పడితే అప్పుడు బీమా కాగితం అడగడానికి పెళ్ళివాళ్ళు సిగ్గుపడతారు.

మేనల్లుడు ఆ రోజు షాపులోంచి ఉత్త చేతులతో బయటికొచ్చాడు. వారం తర్వాత తన కోసం ఒకటి కొనుక్కున్నాడు. ఆదివారాలు డాలస్ శివార్లలో ఎగరేసి వీడియోలు పంపిస్తున్నాడు, బాగుంటున్నాయి. మా బావమరిది గుంటూరు నుంచి కాగితాలున్న కుర్రాణ్ణి పిలిపించి పెళ్ళిళ్ళు లాగిస్తున్నాడు. అల్మారాలో డ్రోన్ బ్యాటరీ మొన్న చూస్తే కాస్త ఉబ్బింది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే చార్జింగ్ పెట్టకండి, చెత్తబుట్టలో పడేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఈ వారమే ఇచ్చేయండి.